మంగళం పాడాక వచ్చిన లారీ

మలయా నుంచి తిరిగి వచ్చి ఏడాది కావస్తోంది. ఇంతవరకు నా ప్రయాణం గురించి ఒక్కరూ నన్ను అడగలేదు. అక్కడి పాటల పోటీలో నాకొచ్చిన కప్పు గురించి అడిగారు. వెండిదా, పైన పూతేనా అని అల్లూరు అంగడిలో ఒకాయన గోరుతో గీకి కూడా చూశాడు. కావలిలో నాకు సన్మానం చేసినవారు తాము గంటసేపు మాట్లాడి, నేను నోరు తెరవగానే ఫోటోగ్రాఫరుకు రైలు టైమైందన్నారు. ఇక ఈ కప్పు నాకిచ్చిన సంఘంవారికి నేను రాసిన ఉత్తరాలు సముద్రంలో పడ్డాయో, బుట్టలో పడ్డాయో తెలియదు. అందుకని అచ్చులో రాస్తున్నాను. అచ్చయిన దాన్ని మాకు అందలేదనడం కష్టం.

ఆ దేశం చూడనివారికి పనికొచ్చే సంగతులు కూడా ఇందులో కొన్ని ఉంటాయి. మిగతావి నాకూ ఆ సంఘానికీ సంబంధించినవి. చదివేవారు ఓపిక పట్టాలి.

అల్లూరు

నా పేరు పెంచలయ్య. మాది వరి పండించుకునే ఇల్లు. మా వంశంలో శృతిపెట్టె ముందు కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే. కావలిలో మా గురువుగారి అరుగు మీద పదేళ్ళు నేర్చుకున్నాను. నెల్లూరు చుట్టుపక్కల ఉత్సవాల్లో పాడుతూ వచ్చాను. ఎక్కడ పాడినా నాకిచ్చే వేళ ఒకటే, మధ్యాహ్నం మూడు గంటలు. రేకుల పందిరి కింద, పెద్ద విద్వాంసులు ఇంకా నిద్ర లేవకముందు, బల్లలు సర్దే మోతలో పాడాను. ఆఖరి కచేరీ పెద్దలది. నాకు నలభై దాటాక కూడా ఎవరూ ఆ చోటు చూపలేదు. ఒక ఉత్సవంలో నేను తోడి ఆలాపన చేస్తుంటే మైకు పరీక్ష చేయడానికి వచ్చినవాడు నా మూతి ముందు నుంచి మైకు తీసి "హలో, హలో" అన్నాడు. వాడి మొహం నాకు ఇవాళ్టికీ గుర్తే.

అలాంటి నాకు మలయాలోని ఒక తెలుగు సంఘం నుంచి పిలుపు వచ్చింది. ఏటా అక్కడి తెలుగువారు గాత్ర పోటీ పెడతారు. మలయా, సింగపూరు, సిలోను నుంచి వచ్చి పాడతారు. ఈసారి ఆంధ్రదేశం నుంచి కూడా ఒకరుండాలని పత్రికలో ప్రకటించారు. దరఖాస్తు పెట్టిన తర్వాతే నాకు తెలిసింది, ఓడలో డెక్కు మీద రావడానికి ఒప్పుకున్నవాణ్ణి నేనొక్కణ్ణేనని. ఆ సంగతి నాకు చెప్పకపోయినా బాగుండేది. చెప్పారు.

బయల్దేరే ముందు కావలి వెళ్ళి గురువుగారి కాళ్ళకు మొక్కాను. ఆయనకు అప్పటికే చూపు మందగించింది. చేత్తో నా గొంతు తడిమి చూసి, "ఓడలో చన్నీళ్ళు తాగబాకు. ఇంకో మాట. ఎంత చిన్న సభైనా, ఆఖరున పాడేది నువ్వైతే మంగళం పాడకుండా లేవబాకు. మనం పాడిందంతా ఆ ఒక్క ముక్కతోనే ఇంటికి చేరేది," అన్నారు.

"ఆఖరున పాడమనేది ఎవరండీ నన్ను?" అన్నాను.

"అడిగి తీసుకో," అన్నారు గురువుగారు.

ఆ మాట నేను అవసరమైనదానికంటే బాగా గుర్తుపెట్టుకున్నాను.

డెక్కు

మద్రాసులో ఓడ ఎక్కాను. డెక్కు ప్రయాణమంటే ఏమిటో తెలియనివారికి చెబుతాను. మన ఊళ్ళో తిరనాళ్ళకు వచ్చినవాళ్ళు చాపలు పరిచి చోటు పట్టుకుంటారే, అలాగే ఇనప నేల మీద చోటు పట్టుకోవాలి. పైన టార్పాలిన్. పక్కన మేకలు లేవు గానీ మిగతా అంతా ఉంది. అన్నం రెండు పూటలా పెడతారు. పప్పులో పప్పు వెతుక్కోవాలి.

నా పక్క చాప మస్తానయ్యది. మా నెల్లూరు వైపే, కోట అనే ఊరి దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో పుట్టినవాడు. వాళ్ళది వలలు వేసే కులం. ఇతను మాత్రం మలయాలో ఒక కొబ్బరి ఎస్టేటులో లారీ నడుపుతున్నాడు. తల్లిని చూసుకుని తిరిగి పోతున్నాడు. నేను పాటగాణ్ణని తెలియగానే నన్ను పై నుంచి కింద దాకా చూశాడు.

"పాడేదానికి ఇంత దూరం పోతా ఉండావా అన్నా? మనూళ్ళో వినేవాళ్ళు లేరా?"

"ఉన్నారు. మూడు గంటలప్పుడు వింటారు," అన్నాను.

అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా చెప్పాను. రెండోరోజుకు నాకు జరిగిన అవమానాలన్నీ అతనికి కంఠతా వచ్చాయి. మైకువాడి సంగతి చెబుతూ ఉంటే, "ఇది నిన్న చెప్పినావన్నా, ఇంకోటి చెప్పు," అన్నాడు.

పేకాట ఆడేవాళ్ళు ఒకరోజు నన్ను పాడమన్నారు. ముక్కలు కలిపే సందులో అడిగారని నాకు కోపం వచ్చింది. పాడనన్నాను. వాళ్ళు మళ్ళీ అడగలేదు. మళ్ళీ అడగనందుకు ఇంకా కోపం వచ్చి, అడక్కుండానే కల్యాణి ఎత్తుకున్నాను. అనుపల్లవికి రాకముందే ఓడ ఒక పక్కకు ఒరిగింది. నా కడుపు రెండో పక్కకు ఒరిగింది. నేను కమ్మీ దాకా పరిగెత్తిన తీరు చూసి నవ్వనివాడు డెక్కు మీద లేడు. ఆ పరుగులోనే నా కాలు తగిలి ఊరగాయ జాడీ మస్తానయ్య పడక మీద పగిలింది. పినాంగు చేరేదాకా అతను మా ఇంటి ఆవకాయలోనే పడుకున్నాడు. "మా యమ్మ పెట్టినట్టే ఉండాది," అని పక్కబట్ట వాసన చూశాడు, అంతే. తిట్టి ఉంటే నేను బాగా నిద్రపోయేవాణ్ణి.

పినాంగు

పినాంగు రేవులో దిగగానే మనిషి కళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియదు. చైనావాళ్ళ అంగళ్ళ మీద ఎర్రటి బోర్డులు, ఆ పక్కనే చెట్టియార్ల కొట్లు, తమిళ మాట, మలయా మాట, మధ్యలో ఎక్కడో "ఒరేయ్" అన్న తెలుగు కేక. అక్కడి రిక్షాలో తొక్కేవాడు వెనకుంటాడు, ఎక్కినవాడు ముందుంటాడు. ఎదురొచ్చే లారీకి మొదట తగిలేది మనమే. కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

కాఫీ పదిహేను సెంట్లు. అక్కడి డాలరు మన రూపాయిన్నరకు కాస్త పైమాట, లెక్క మీరే వేసుకోండి. అందులో ఆవుపాలు పోయరు, డబ్బాలోని చిక్కటి తీపి పాలు పోస్తారు. మొదటి గుక్క పాయసంలా, ఆఖరి గుక్క కషాయంలా ఉంటుంది. డురియాన్ అనే పండు ఒకటుంది. పనసకు తమ్ముడి వరస. దాని వాసన గురించి భోజనవేళ చదివేవారుంటారని రాయను. సాయంత్రం కాగానే వాన. మన దగ్గర వాన కోసం ఆకాశం చూస్తాం. వాళ్ళు వాన చూసి గడియారం సరిచేసుకుంటారట.

మస్తానయ్య రేవు దగ్గరే సెలవు తీసుకున్నాడు. "పోటీకి వస్తానన్నా. మా ఎస్టేటు నించి కూడా ఒకామె పాడతా ఉండాది. లారీ నాదే," అన్నాడు. ఆ మాట నేను విన్నాను. విని, పేరు కూడా అడగలేదు.

ఆఖరి చోటు

పోటీ జరిగిన పట్టణానికి పినాంగు రేవు దాటి రైల్లో లోపలికి పోవాలి. దాని పేరు రాయను. రాయవలసినవారికి తెలుసు. సంఘం కార్యదర్శి అప్పలనాయుడు గారు స్టేషనుకు వచ్చి దండ వేశారు. వాళ్ళ పెద్దలు విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన కూలీలు, ఈయన మాత్రం టైరుల వ్యాపారంలో పైకొచ్చారు. మంచి మనిషే. నన్ను తన గోడౌను మీది గదిలో దింపారు. గదంతా రబ్బరు వాసన. సిలోను నుంచి వచ్చిన గాయకుణ్ణి డాక్టరుగారి బంగళాలో దింపారని తెలిసింది. ఇది మనసులో పెట్టుకున్నాను.

మర్నాడు పాడేవారి వరస చదివారు. నాది నడుమ, భోజనాల తర్వాత. సుమారుగా మధ్యాహ్నం మూడు.

నా చెవుల్లో మళ్ళీ ఆ "హలో, హలో" వినపడింది. "నాయుడుగారూ, ఇంత దూరం నుంచి పిలిపించి, ఎండవేళ పాడించడానికా?" అన్నాను.

"ఎండేటండీ, లోపల పంకాలున్నాయి కదా," అన్నారాయన.

"పంకాల సంగతి కాదు. మా దేశంలో పై ఊరి నుంచి వచ్చినవాడికి, పెద్దవాడికి ఆఖరి చోటు ఇస్తారు."

"పోటీ కదండీ, చిన్నా పెద్దా ఏటి?"

నేను వదల్లేదు. ఆ పూట అడిగాను. సాయంత్రం టీ దగ్గర అడిగాను. మర్నాడు పొద్దున ఆయన పూజలో ఉంటే గడప దగ్గర నిలబడి గంట మోగడం ఆగేదాకా కాచుకుని మరీ అడిగాను. ఆఖరుకు ఆయన చేతులు రెండూ పైకెత్తి, "సరే బాబూ, మీరే ఆఖరు. ఆఖరున ఉన్నవారిని మీ ముందుకు జరుపుతాను. ఇక నన్ను కాఫీ తాగనివ్వండి," అన్నారు.

ఆఖరున ఉన్నది ఎవరని నేను అడగలేదు. ఎందుకు ఆఖరున పెట్టారో ఆయన చెప్పలేదు. మా ఇద్దరిలో ఎవరు నోరు తెరిచినా ఈ కథనం రాయవలసిన పని ఉండేది కాదు.

మంగళం

సభ మేడ మీది పెద్ద హాలులో. కింద వంటలు. సాంబారు వాసన మెట్లెక్కి వస్తోంది. న్యాయనిర్ణేతలు ముగ్గురు. పెద్దాయన సిలోను తమిళుడు, గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే మనిషి, సంగీతం తెలిసినవాడు. తెలుగు కృతులన్నీ కంఠస్థమే గానీ తెలుగులో మంచినీళ్ళు అడగలేడు. బయట వాన. ఆవేళ వాన మధ్యాహ్నమే మొదలై గడియారాలన్నిటినీ తప్పు చేసింది.

నాకు ముందున్న పేరు పిలిచారు. వానమోతలో నాకు ఆ పేరు కూడా సరిగ్గా వినపడలేదు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచి, నా పేరు పిలిచారు.

వేదిక ఎక్కాను. వయొలిన్ ఆయన నా శృతికి తీగలు బిగించాడు. బాగా పాడాను. ఇది గొప్ప కోసం రాయడం లేదు. నేను చాలాసార్లు బాగా పాడలేదు, ఆ తేడా నాకు తెలుసు. ఆవేళ ఖరహరప్రియ నా చేయి పట్టుకుని నడిపించింది. మైకు ఎవరూ తీయలేదు. బల్లలు ఎవరూ జరపలేదు. కృతి అయింది. అది పోటీ, అక్కడితో లేచి నమస్కారం పెట్టి దిగితే చాలు. ముందు పాడినవారంతా అలాగే దిగారు. నాకు గురువుగారి మాట గుర్తొచ్చింది. ఆఖరివాణ్ణి నేనే. జీవితంలో మొదటిసారి ఆఖరివాణ్ణి. మధ్యమావతి అందుకుని మంగళం పాడాను.

పాడుతుంటే హాలు హాలంతా లేచి చేతులు జోడించింది. తాతల నాడు దేశం వదిలినవాళ్ళు, తెలుగు చదవడం రానివాళ్ళు, మంగళానికి లేవాలని మాత్రం మరిచిపోలేదు. నా కళ్ళు తడిశాయి. మంగళం కాగానే వయొలిన్ ఆయన కమాను వెంట్రుకలు వదులు చేసి పెట్టెలో పెట్టాడు. ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని మెట్ల వైపు నడిచారు. కింద విస్తళ్ళు పరుస్తున్నారు.

అప్పుడు పెద్దాయన అప్పలనాయుడు గారిని పిలిచి చెవిలో ఏదో అడిగారు. నాయుడుగారు తలుపు వైపు చూసి, మైకు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"అయ్యా, మంగళం అయ్యాక ఆ సభలో ఇంకొకరు పాడొచ్చా అని పెద్దాయన అడుగుతున్నారు. ఆంధ్రదేశం ఆచారం ఏటో మీరే చెప్పాలట."

మీరే చెప్పాలట. నలభై ఏళ్ళలో సంగీతం గురించి నన్నెవరూ ఏమీ చెప్పమనలేదు. మైకు నా చేతికిచ్చి మరీ అడుగుతున్నారు. ఎందుకడుగుతున్నారని నాకు తోచలేదు. తోచకుండా నేనే అడ్డుకున్నానేమో.

నిలబడి మాట్లాడాను. "మంగళం తర్వాత పాట లేదు. విస్తరి ఎత్తిన చోట మళ్ళీ వడ్డించం. ఆ సభ అక్కడికి సంపూర్ణం. ఎంత పెద్ద విద్వాంసుడు వచ్చినా, రాజు వచ్చి అడిగినా, మా దేశంలో పాడరు," అన్నాను. రాజు సంగతి అప్పటికప్పుడు కలిపాను. చప్పట్లు కొట్టారు. నాయుడుగారు దాన్ని తమిళంలో చెప్పగా పెద్దాయన తల ఊపి, కాగితం మీద సంతకం పెట్టి, గొడుగు చేతిలోకి తీసుకున్నారు. అక్కడికక్కడే కప్పు నాకని ప్రకటించి చేతికిచ్చారు. దండ వేశారు.

దండతో కప్పుతో మెట్లు దిగబోతే, పక్కతలుపు దగ్గర తడిసి ముద్దయిన ఆడవాళ్ళు పది పన్నెండు మంది గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ముందు మస్తానయ్య, చొక్కా పిండుకుంటూ. అతని పక్కన నలభై ఏళ్ళావిడ, ప్లాస్టిక్ గుడ్డలో చుట్టిన శృతిపెట్టెను చంటిబిడ్డలా ఎత్తుకుని.

"ఏందన్నా, ఎంత పని చేసినావు!" అన్నాడు మస్తానయ్య. "ఏరు దాటించే పడవ వానకి ఆపేసినారు. పడవోడి కాళ్ళు పట్టుకుని ఇప్పుడే వస్తా ఉండాం. ఈమెది ఆఖరు పేరు గదా, ఎట్టయినా అందుకుంటాం అనుకున్యాం."

అప్పుడు తెలిసింది. ఏటి అవతల ఎస్టేటు కాబట్టి, వానరోజుల్లో ఆలస్యమవుతుంది కాబట్టి, ఆమెకు ఆఖరి చోటు ఇచ్చారు. నేను మూడు పూటలు పోట్లాడి తీసుకున్నది ఆ చోటు.

ఆమె పేరు కామాక్షమ్మ. ఎస్టేటు బడిలో తెలుగు పంతులమ్మ. తండ్రి కోట వైపునుంచి వచ్చినవాడు. ఆమె నన్ను కోపంగా చూడలేదు. చూస్తే బాగుండును.

"తలుపు కాడ నిలబడి విన్నాం లెండి మీ ఉపన్యాసం. బాగా చెప్పినారు," అంది. "పెండ్లి అయిపోయినాక అక్షింతలు తెచ్చినట్టయింది మా పని."

నేను వెనక్కి పరిగెత్తాను. అప్పలనాయుడు గారితో, "ఆమెను పాడించండి," అన్నాను.

"మీరే కదండీ మైకులో చెప్పారు, రాజొచ్చినా పాడరని?"

"మళ్ళీ దీపం వెలిగించి, మళ్ళీ మొదటి నుంచి మొదలు పెడదాం."

"వయొలిన్ ఆయన రైలుకి పోవాలి. కింద విస్తళ్ళేశారు. రండి, రండి, ముందు భోంచేద్దాం."

అంతే. అక్కడితో ఊరుకున్నాను. చోటు కోసం మూడు పూటలు పోట్లాడినవాణ్ణి ఆమె కోసం రెండు మాటలు మాట్లాడి ఊరుకున్నాను. కామాక్షమ్మను నేనే అడిగాను, వయొలిన్ లేకపోయినా పాడమని. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మంగళమైనాక పాడగూడదని మా నాయన కూడా చెప్పేవాడు. మీరు చెప్పింది తప్పు కాదు గదన్నా," అంది.

లారీలో వచ్చినవాళ్ళను భోజనాలకు కూర్చోమన్నారు. ఆడవాళ్ళు తడిబట్టలతో కూర్చుని తిన్నారు. కామాక్షమ్మ కూర్చోలేదు. నన్ను పెద్దాయన పక్కన కూర్చోబెట్టి, కప్పు విస్తరి ముందు పెట్టారు. ఏం వడ్డించారో గుర్తులేదు. విందుల్లో వంటకాలు మరిచిపోవడం నాకు ఆ ఒక్కసారే జరిగింది.

కొబ్బరి తోట

ఓడకు ఇంకా వారం ఉంది. ఊరు చూపిస్తామని సంఘంవారు అన్నారు. నేను మస్తానయ్య లారీ ఎక్కి ఎస్టేటుకు వెళ్ళాను. పెద్ద పడవ మీద లారీతో సహా ఏరు దాటాం. అవతల ఇసక నేల, కొబ్బరి చెట్లు, ఉప్పుగాలి. మన తీరంలో ఏదో పల్లెకు వచ్చినట్టే ఉంది. వరస ఇళ్ళు, ప్రతి గుమ్మం ముందూ ముగ్గు. మన వైపు కంటే ముగ్గులు పెద్దవి. పిల్లలు "నమస్కారమండీ" అని ఒకే గొంతుతో అన్నారు. కామాక్షమ్మ నేర్పింది.

ఆమె భర్త ఎస్టేటు ఆఫీసులో గుమాస్తా, మాటలు తక్కువ. ఆమె నాకు చేపల పులుసు వండి పెట్టింది. మామిడికాయ దొరకలేదని ఏదో ఆకుపచ్చని పుల్లటి కాయ వేసింది.

"నెల్లూరు పులుసులాగా ఉండదు గదా?" అంది.

ఉందని చెప్పాను. నిజంగానే ఉంది. మా ఇంట్లో పులుసు మా నాయనే కాచేవాడు, ఆయన చనిపోయాక మా ఇంట్లో కూడా అంత బాగా ఉండలేదు.

తిన్నాక, ఒక పాట పాడమని అడిగాను.

"ఎందుకూ?"

"వినాలని."

"ఇంట్లో రోజూ పాడతానే ఉండా. పొయ్యి వింటాది, కోళ్ళు వింటాయి. నాకు వినేవాళ్ళు లేక కాదన్నా." ఆమె గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెడుతూ మాట్లాడింది. "మా నాయన పాట ఇది. ఆయన కోటలో ఎవరి అరుగు కిందో నిలబడి నేర్చుకున్నాడంట. పైకి రానిచ్చేవాళ్ళు కాదంట. వేదిక మీద నా పేరు పిలవాల. వయొలినాయన నా శృతికి తీగ బిగించాల. ఒక్కసారి. దానికోసం ఏడాది సాధకం చేసినా. బాగా పాడతానో లేదో కూడా ఆడ తెలిసేది. ఇప్పుడు మీకు పాడితే మీరు బాగుందంటారు. మీకు వేరే దారి లేదు గదా."

మస్తానయ్య గడప దగ్గర కూర్చుని పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. "అన్నకి మాట పడిపొయ్యింది," అన్నాడు. "ఓడలో ఇట్టా ఉంటే నేను ఎంత సుఖంగా పడుకుందును."

ఎవరూ నవ్వలేదు. అరుగు కింద నిలబడినవాడి సంగతి వినగానే నా మూడు గంటల ఎండ నాకు చాలా చిన్నదిగా కనిపించింది. నేను ఎండలో పాడాను. పాడాను కదా.

కప్పు నా సంచిలోనే ఉంది. తీసి చేతికిస్తే తీసుకోదు. అందుకని సెలవు తీసుకునే ముందు, ఆమె పెరట్లో ఉండగా, దేవుడి పటాల పక్కన పెట్టేసి వచ్చాను. పెద్ద ఘనకార్యం చేసినట్టు ఏటి దాకా తేలికగా ఊపిరి పీల్చాను.

మళ్ళీ రేవు

ఓడ ఎక్కే రోజు మస్తానయ్య రేవుకు వచ్చాడు. చంకలో ఒక మూట. గుడ్డ విప్పితే నా కప్పు. నిండా ఎండబెట్టిన నెత్తళ్ళు, పైన అరిటాకు కప్పి దారంతో కట్టి ఉంది.

"కామాక్షమ్మ పంపించింది. మరిచిపోయి పొయ్యినావంట."

"మరిచిపోలేదు."

"ఆమెకీ తెలుసులేన్నా. ఇంకొకరి గిన్నె మనింట్లో ఉంచుకోగూడదు, తిప్పి పంపేటప్పుడు ఒట్టిది పంపగూడదు అనింది. మనూరి పద్ధతి గదా."

మన ఊరి పద్ధతే. పొరుగింటి నుంచి కూర వచ్చిన గిన్నెలో గుప్పెడు చింతపండైనా వేసి పంపుతాం. ఒక ఆచారంతో నేను ఆమె నోరు మూయించాను, ఇంకో ఆచారంతో ఆమె నా నోరు మూయించింది. ఆమె నన్ను అవమానించి ఉంటే దాన్ని కూడా మిగతావాటి పక్కన దాచుకునేవాణ్ణి. అవమానం చేయలేదు. దారిలో తినమని చేపలు పంపింది.

తిరుగు ప్రయాణంలో నా పక్క చాప ఎవరిదో గుర్తులేదు. ఎవరికీ నా అవమానాలు చెప్పలేదు.

కావలి

నెత్తళ్ళు మా ఇంటివాళ్ళు వేపుడు చేశారు. కప్పును చింతపండుతో తోమారు, బూడిదతో తోమారు, ఎండలో పెట్టారు. వాసన పోలేదు. సన్మాన సభలో అధ్యక్షులవారు దాన్ని పైకెత్తి "ఇది నెల్లూరు సీమ కీర్తి" అంటూ మొహం కాస్త పక్కకు తిప్పుకున్నారు. నాకు నవ్వు రాలేదు. నిజం చెప్పబోయాను. అప్పుడే ఫోటోగ్రాఫరుకు రైలు టైమైంది. ఆ సభలో ఆఖరి కచేరీ నాదే. ఆఖరివాణ్ణి కాబట్టి మంగళం పాడాలి. మధ్యమావతి నోట్లోకి వచ్చింది గానీ పక్కతలుపు వైపు చూడకుండా పాడలేకపోయాను. అక్కడ ఎవరూ లేరు. అయినా చూశాను. ఇప్పటికీ ఎక్కడ పాడినా చూస్తాను.

గురువుగారికి మాత్రం అంతా చెప్పాను. "అడిగి తీసుకోమన్నాను గానీ, ఎవరి దగ్గర నుంచో చూసుకోమని చెప్పడం మరిచినా," అన్నారు. తప్పు తన మీద వేసుకున్నారు. నేను ఆ పని కూడా సరిగ్గా చేయలేకపోతున్నాను, ఎందుకంటే నాకు ఇంకా కోపం ఉంది.

కాబట్టి అప్పలనాయుడు గారూ, మీతోనే మాట్లాడుతున్నాను. చోటు అడిగినవాణ్ణి నేను. ఆచారం చెప్పినవాణ్ణి నేను. కప్పు పుచ్చుకున్నవాణ్ణి నేను. దేన్నీ కాదనను. కానీ ఆ చోటు ఎవరిదో మీకు తెలుసు. మైకు నా చేతికిచ్చేటప్పుడు తలుపు దగ్గర నిలబడింది ఎవరో మీకు తెలుసు. చెప్పి ఉంటే నేను చోటు వదులుకునేవాణ్ణా, వేరే మాట చెప్పేవాణ్ణా? ఆ సంగతి నాకు తెలియదు. అది తెలుసుకునే వీలు నాకు మిగల్చకుండా చేశారు, నా ఫిర్యాదు ముఖ్యంగా అదే.

సభకు మంగళం పాడాను గానీ పోటీకి పాడలేదు. ఒకరు పాడకుండా పోటీ ముగిసిందని ఏ దేశపు ఆచారమూ చెప్పదు. ఈసారి వానలు లేని నెలలో సభ పెట్టండి. దీపం కొత్తగా వెలిగించండి. ఆమె పేరు పిలవండి. వయొలిన్ ఆయన్ను ఆమె శృతికి తీగ బిగించమనండి. నేను డెక్కు మీదే వస్తాను, గోడౌను మీదే దిగుతాను, మధ్యాహ్నం మూడు గంటలకే పాడతాను. ఆమె ఓడిపోతే కప్పు తెచ్చుకుని మళ్ళీ తోముకుంటాను. గెలిస్తే అందులో మా పొలం కొత్త బియ్యం పోసి ఇచ్చి వస్తాను, ఒట్టి గిన్నె ఇవ్వకూడదు కదా.

కప్పు నా ఎదుట బల్ల మీద ఉంది. ఈ వాక్యం రాస్తుంటే కూడా వాసన వస్తోంది. ఆమె పేరు ఎప్పుడు పిలుస్తారు? సమాధానం చెప్పండి.